ల్యాంపు రూము కిటికీ



పోయిన నెల మనం కంప్యూటరుకు ఆజ్ఞలు వరసగా రాయటం యెలాగో, "ఇలా అయితే అలా చెయ్యి" అని షరతులు పెట్టటం యెలాగో చెప్పుకున్నాము. ఈ నెల సంగతి అంతకంటె కొంచెం పెద్దది. భయపడకండి, లెక్కలు లేవు. మీలో గోదావరిఖని, రామగుండం, ఎయిట్ ఇంక్లైన్ కాలనీ పిల్లలు యెవరైనా వుంటే వారికి యిందులో సగం ముందే తెలుసు. తెలుసునన్న సంగతి వారికి తెలియదు, అంతే.

బొగ్గుబాయి చూడని పిల్లల కోసం ముందు ల్యాంపు రూము అంటే యేమిటో చెబుతాను.

మా వైపు గనిని "బాయి" అంటారు. నీళ్ల బావి కాదు, బొగ్గు బావి. ఇల్లెందు దగ్గర, సింగరేణి ప్రాంతంలో బొగ్గు వున్నదని 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త కనిపెట్టాడు. ఆ వూరి పేరే 1920లో యేర్పడిన సింగరేణి కంపెనీకి వచ్చింది. తరువాత చాలా కాలానికి గోదావరి వొడ్డున, రామగుండం దగ్గర గనులు తవ్వారు. వాటి చుట్టూ వూరు పెరిగి దానికి గోదావరిఖని అనే పేరు నిలిచింది. ఖని అన్నా గని అన్నా ఒకటే.

బాయి లోపల పగలూ రాత్రీ అన్న తేడా లేదు. మీరు యింట్లో దీపం ఆర్పినా కిటికీ సందులోంచి యెక్కడో కాస్త వెలుగు వస్తుంది. అక్కడ అదీ వుండదు. మీ చెయ్యి మీ ముక్కుకు ఆనించుకున్నా మీకు కనబడదు. అందుకని లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ ఒక దీపం కావాలి. ఆ దీపాలు వుంచే చోటే ల్యాంపు రూము.

డ్యూటీకి వచ్చిన కార్మికుడు మస్టరు పడ్డ తరువాత ల్యాంపు రూము కిటికీ దగ్గరకు పోతాడు. తన నంబరు వున్న బిళ్ల లోపలికి యిస్తాడు. లోపలివారు ఆ బిళ్లను పలకకు తగిలించి ఒక దీపం బయటికి యిస్తారు. ప్రతి దీపానికీ నంబరు వుంటుంది. ఏ దీపం యెవరికి యిచ్చారో పుస్తకంలో రాసుకుంటారు. అతను దీపాన్ని టోపీకి తగిలించుకుని, ఒకసారి వెలిగించి చూసుకుని, లోపలికి దిగుతాడు. షిఫ్టు అయ్యాక దీపం తిరిగి యిచ్చి తన బిళ్ల తను తీసుకుపోతాడు. బిళ్ల పలక మీదనే మిగిలివుంటే ఆ మనిషి యింకా లోపలే వున్నాడన్నమాట.

ఇప్పుడు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. ఆ కార్మికుడు కిటికీ దగ్గర యేమని అడుగుతాడు? "అయ్యా, ఫలానా కంపెనీవారు చేసిన, సీసపు బ్యాటరీ వున్న, ఇంత బరువు గల దీపం యివ్వండి" అంటాడా? అనడు. చాలాసార్లు అసలు నోరే తెరవడు. బిళ్ల యిస్తాడు, దీపం తీసుకుంటాడు. దీపం యే రకమైనదో అతనికి అక్కర లేదు. మీట తిప్పితే వెలగాలి, షిఫ్టు పూర్తయ్యేదాకా వెలగాలి, లోపలి గాలికి నిప్పు అంటించకూడదు. ఈ మాట నిలబెట్టుకున్న దీపం యేదైనా అతనికి దీపమే.

ఆ మూడో సంగతి ప్రాణాలతో నేర్చుకున్నది. బొగ్గు పొరల్లోంచి మీథేన్ అనే వాయువు వూరుతూ వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలికంటె తేలిక కాబట్టి గని కప్పు కింద చేరుతుంది. గాలిలో అది నూటికి అయిదు పాళ్ల నుంచి పదిహేను పాళ్ల దాకా వున్నప్పుడు ఒక్క నిప్పురవ్వ తగిలినా పేలుతుంది. పూర్వం ఇంగ్లండులో కొవ్వొత్తులు పట్టుకుని గనుల్లో దిగేవారు. 1812 మే 25వ తేదీన ఫెల్లింగ్ అనే చోట గని పేలి 92 మంది చనిపోయారు. వారిలో మీ యీడు పిల్లలు కూడా వున్నారు. ఆ రోజుల్లో పిల్లల చేత కూడా గనుల్లో పని చేయించేవారు.

ఆ తరువాత మంట వున్నా గనిని పేల్చని దీపం కోసం ముగ్గురు వేరు వేరుగా ప్రయత్నించారు. క్లానీ అనే డాక్టరు దీపానికి గాలిని నీటిగుండా, తిత్తితో వూది పంపాడు. తరువాత రైలింజన్లతో పేరు పొందిన జార్జి స్టీఫెన్సన్ గాలిని సన్నని రంధ్రాలగుండా పోనిచ్చాడు. సర్ హంఫ్రీ డేవీ 1815లో మంట చుట్టూ సన్నని తీగల వల కట్టాడు. ఆ వలకు అంగుళం పొడుగున 28 కళ్లు. మంట వేడిని తీగలు లాగేసుకుంటాయి. కనుక వల దాటి వచ్చేసరికి బయటి వాయువును అంటించేంత వేడి మిగలదు. చూశారా, మూడు దీపాలు, మూడు వుపాయాలు, నిలబెట్టవలసిన మాట మాత్రం ఒకటే.

తరువాత విద్యుద్దీపాలు వచ్చాయి. సీసపు బ్యాటరీని నడుముకు కట్టుకుని, తీగ వీపు మీదుగా టోపీ దాకా పోనిచ్చే దీపం చాలా కాలం నడిచింది. అది రెండు కిలోలకు పైగా బరువు వుంటుంది. అంత బరువు నడుముకు కట్టుకుని యెనిమిది గంటలు వంగి పనిచేసినవారి నడుములను అడగండి, చెబుతాయి. ఇప్పుడు లిథియం బ్యాటరీతో, ఎల్‌ఈడీ బల్బుతో చాలా తేలికైనవి వచ్చాయి. దీపం లోపలంతా మారిపోయింది. కిటికీ దగ్గర వరస మాత్రం మారలేదు. బిళ్ల యివ్వటం, దీపం తీసుకోవటం.

ఇక కంప్యూటరు సంగతికి వద్దాం.

మా వీధిలో పదో తరగతి చదివే అమ్మాయి ఒకతె వున్నది. వాళ్ల నాన్న బాయిలో సర్దారు. తన పేరు రాయవద్దన్నది కనుక "మన అమ్మాయి" అందాము. బడిలో సైన్సు ప్రదర్శనకు అందరూ మట్టితో అగ్నిపర్వతం చేస్తూ వుంటే, యీ పిల్ల కంప్యూటరులో ఒక బాయి షిఫ్టు తయారుచేసింది. ముప్పయిమంది కార్మికులు వస్తారు, దీపాలు తీసుకుంటారు, దిగుతారు, పని చేస్తారు, పైకి వస్తారు. నాకు తెచ్చి చూపించింది. నాకు చాలా ముచ్చట వేసింది.

అయితే వారం తిరక్కుండా మొహం వేలాడేసుకుని వచ్చింది.

"సార్, మా బాపు బాయిల కొత్త లైట్లు వచ్చినై. నేను అంతట పాత లైటే రాసిన. పదకొండు చోట్ల దిద్దాలె. దిద్దిన గని రెండు చోట్ల మర్చిపోయిన. ఇప్పుడు ప్రోగ్రాం నడుస్త లేదు."

ఏమయిందంటే, కార్మికుడు దీపం తీసుకునే ప్రతి చోటా ఆ అమ్మాయి "సీసపు బ్యాటరీ దీపం ఒకటి తయారుచెయ్యి" అని రాసింది. షిఫ్టు అయ్యాక "దీపం బ్యాటరీలో నీళ్లు పొయ్యి" అని కూడా ఆ కార్మికుడి పనిలోనే రాసింది. సీసపు బ్యాటరీకి అప్పుడప్పుడు శుద్ధజలం పొయ్యవలసి వుంటుంది, అది నిజమే. కాని యిప్పుడు చేతిలోకి లిథియం దీపం వచ్చింది. మరిచిపోయిన చోట కార్మికుడు దానికి కూడా నీళ్లు పొయ్యబోయాడు. "ఈ దీపానికి నీళ్లు పొయ్యటం అనే పని లేదు" అని కంప్యూటరు ఆగిపోయింది. పాపం, దాని తప్పేమీ లేదు.

"రేపు యింకో రకం లైటు వస్తె మల్ల పదకొండు చోట్ల దిద్దాల్నా సార్?" అని అడిగింది.

"మీ బాపు దీపం కోసం యెన్ని చోట్లకు పోతాడమ్మా?" అన్నాను.

కాసేపు ఆలోచించి, "ఒక్కటే కిటికీ" అన్నది.

అంతే, సగం పాఠం అయిపోయింది.

మొదట ఒకటి రెండు మాటలకు అర్థం తెలుసుకుందాం. ఈ తరహా ప్రోగ్రాములలో "క్లాసు" అనే మాట వస్తుంది. తరగతి గది కాదు, అచ్చు అనుకోండి. ఇటుకల అచ్చులోంచి యిటుకలు తీసినట్టు, సీసపు దీపం అనే క్లాసులోంచి ఒక్కొక్క సీసపు దీపం తీస్తారు. అలా తీసిన ఒక్కొక్కదాన్ని ఆబ్జెక్టు అంటారు. ఇటుకకు లేనిది దీనికి ఒకటి వున్నది. ఇది పని చేస్తుంది. "వెలుగు" అంటే వెలుగుతుంది, "ఆరు" అంటే ఆరుతుంది.

మన అమ్మాయి దగ్గర యిప్పుడు రెండు అచ్చులు వున్నాయి, సీసపు దీపం, లిథియం దీపం. ఆ రెంటికీ పైన అచ్చు కాని ఒక కాగితం పెట్టించాను. దాని మీద యింతే వున్నది:

దీపం అనే ఒప్పందం
    వెలుగు
    ఆరు
    యింకా యెంతసేపు వెలుగుతావో చెప్పు

దీనిని ఇంటర్‌ఫేస్ అంటారు. మనం ఒప్పందం అందాము. ఒప్పందం చేయవలసిన పనుల పేర్లు చెబుతుంది, యెలా చేయాలో ఒక్క ముక్క కూడా చెప్పదు. సీసంతో వెలుగుతావో, లిథియంతో వెలుగుతావో నీ యిష్టం. యీ మూడు పనులు చేస్తానని సంతకం పెట్టిన అచ్చు యేదైనా దీపమే. కార్మికుడికి యీ కాగితం ఒక్కటే తెలుసు. నీళ్లు పొయ్యటం దీని మీద లేదు. కనుక కార్మికుడు నీళ్లు పొయ్యలేడు. అది అతని పని కాదు గదా!

మరి నీళ్లు యెవరు పోస్తారు? ఛార్జింగు యెవరు పెడతారు? ల్యాంపు రూమువారు. వారికి వేరే ఒప్పందం కావాలి. ఒకే దీపం కార్మికుడి వైపు ఒక మొహం, ల్యాంపు రూము వైపు ఒక మొహం చూపిస్తుంది. ఇందులో మోసం యేమీ లేదు. మీ అమ్మ మీకు అమ్మ, మీ అమ్మమ్మకు కూతురు. ఎవరి దగ్గర యే పనో ఆ పనే.

మీ యింటి గోడ మీది ప్లగ్గు కూడా యిలాంటి ఒప్పందమే. రామగుండంలో బొగ్గు మండించి 1983 నుంచి ఎన్‌టీపీసీ కరెంటు తీస్తున్నది. 2022లో అక్కడే చెరువు నీటి మీద తేలే సూర్యఫలకాలతో 100 మెగావాట్లు తీయటం మొదలుపెట్టారు. ఆ రోజున యెవరైనా యింట్లో ప్లగ్గు మార్చుకున్నారా? ఫ్యానుకు "నేను యిక మీదట సూర్యుడితో తిరగాలి" అని యెవరైనా చెప్పారా? ఫ్యానుకు ప్లగ్గు తెలుసు. ప్లగ్గు వెనక యేమున్నదో తెలియదు.

ఇంతవరకూ తేలికే. అసలు చిక్కు తరువాత వచ్చింది. ఆ చిక్కును పట్టుకున్నది నేను కాదు, ఆ అమ్మాయి నాన్న.

డేవీ దీపానికి యింకొక గుణం వున్నది. గాలిలో మీథేన్ చేరితే దాని మంట మీద లేత నీలం రంగు టోపీ లాంటిది కనబడుతుంది. వాయువు పెరిగినకొద్దీ ఆ టోపీ కూడా పెరుగుతుంది. ఆక్సిజన్ తగ్గి సుమారు 16, 17 పాళ్లకు దిగితే మంట ఆరిపోతుంది. అందుచేత వెలుగు కోసం విద్యుద్దీపాలు వచ్చినా, గాలిని పరీక్షించటం కోసం సర్దార్లు, ఓవర్‌మన్లు ఆ మంట దీపాన్ని చాలా కాలం చేత పట్టుకు తిరిగారు. మీథేనును కొలిచే చేతి యంత్రాలు కూడా వచ్చాయి.

మన అమ్మాయికి యిది తెలుసు. సర్దారు బిడ్డ గదా! అందుకని మంట దీపాన్ని కూడా తన ప్రోగ్రాములో చేర్చింది. చేర్చటమే కాదు, ఒప్పందం కాగితం మీద నాలుగో పని రాసింది: "గ్యాస్ వున్నదా, చెప్పు."

ఇక్కడ వచ్చింది చిక్కు. ఒప్పందం మీద సంతకం పెట్టిన ప్రతి అచ్చూ అందులోని పనులన్నీ చేసితీరాలి. లేకపోతే కంప్యూటరు వొప్పుకోదు. కాని టోపీ దీపానికి గ్యాస్ సంగతి యేం తెలుసు? గ్యాస్ వున్నా, లేకపోయినా ఒకే రీతిగా వెలుగుతుంది. ఏదో ఒక జవాబు రాస్తే గాని ప్రోగ్రాము కదలదు గనుక, ఆ అమ్మాయి టోపీ దీపం చేత "లేదు" అనిపించింది. ప్రోగ్రాము చక్కగా నడిచింది. నేను కూడా చూసి బాగున్నదన్నాను. నా కళ్లు అప్పుడు యేం చేస్తున్నాయో!

ఆ రాత్రి షిఫ్టుకు పోబోతూ వాళ్ల నాన్న కంప్యూటరు ముందు కూర్చున్నాడట. బిడ్డ చూపిస్తూ వుంటే ఒక చోట ఆపాడు.

"ఇదేంది బిడ్డా, టోపీ లైటు గ్యాస్ లేదని చెప్తదా?"

"ఏదో ఒకటి రాయాలె గద బాపూ. లేకుంటే నడువది."

"లేదనుడు వేరు, తెల్వదనుడు వేరు. లేదన్నవంటే మేం లోపలికి పోతం."

మరునాడు ఆ అమ్మాయి నాకు యీ మాట చెప్పినప్పుడు నేను కాసేపు మాట్లాడలేకపోయాను. బాలలూ, తప్పు జవాబు యిచ్చిన ప్రోగ్రాము ఆగిపోతే మంచిదే. ఆగిపోయింది గనుక దిద్దుకుంటాము. ఆగకుండా, తొణకకుండా అబద్ధం చెప్పే ప్రోగ్రామే ప్రమాదం. కంప్యూటరు ఒప్పందంలోని పనుల పేర్లు వున్నాయా లేదా అని చూడగలదు. ఆ పని నిజంగా జరిగిందా అని చూడలేదు. అది రాసేవాడు చూసుకోవాలి.

నా చేత జరిగిన యిలాంటి తప్పు కూడా ఒకటి చెబుతాను. నేను హెడ్మాస్టరుగా వున్న రోజుల్లో నా గది కూడా ల్యాంపు రూము లాంటిదే. "సార్, మాకు లెక్కల పీరియడు, లెక్కల సారు రాలేదు" అని మానిటరు వచ్చేవాడు. ఖాళీగా వున్న మాస్టారు యెవరో చూసి పంపేవాణ్ణి. ఒకసారి యెవరూ దొరక్క డ్రిల్లు మాస్టారిని పంపాను. ఆయన చాలా మంచివాడు. వెళ్లాడు, హాజరు వేశాడు, సుద్దముక్క చేత పట్టుకున్నాడు. పీరియడంతా పిల్లలు చీమ చిటుక్కుమనకుండా కూర్చున్నారు. ఒక్క లెక్క కూడా చెప్పలేదు. మరునాడు మానిటరు వచ్చి, "సార్, నిన్న మాకు లెక్కల పీరియడు అయినట్టా, కానట్టా?" అని అడిగాడు. రిజిస్టరులో నేను అయినట్టే రాశాను. టోపీ దీపం "లేదు" అన్నదానికీ, నా రాతకూ తేడా యేమున్నది?

పేరు ఒకటే అయితే చాలదు, ఒకదాని బదులు యింకొకటి పెట్టినా పని చెడకూడదు అన్న యీ సంగతిని బార్బరా లిస్కోవ్ అనే అమెరికా శాస్త్రజ్ఞురాలు 1987లో ఒక వుపన్యాసంలో స్పష్టంగా చెప్పింది. ఆమెకు 2008 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం వచ్చింది. కంప్యూటరు శాస్త్రంలో అంతకంటె పెద్ద బహుమానం లేదు. సర్దారుగారు ఆమె పేరు వినివుండడు. విననవసరం కూడా రాలేదు.

సరే, చిక్కు యెలా విడిపోయింది? ఒక కాగితాన్ని రెండుగా చింపాము. దీపం అనే ఒప్పందంలో పాత మూడు పనులే మిగిలాయి. "గ్యాస్ చూపేది" అని వేరే ఒప్పందం రాశాము. టోపీ దీపం మొదటిదాని మీదే సంతకం పెట్టింది. మంట దీపం రెంటి మీదా పెట్టింది. మీథేను కొలిచే యంత్రం దీపమే కాదు కనుక రెండోదాని మీద మాత్రమే పెట్టింది. ఇప్పుడు టోపీ దీపాన్ని గ్యాస్ సంగతి అడగటానికే వీలులేదు. అడగబోతే అక్కడికక్కడే తప్పు బయటపడుతుంది. రెండో ఒప్పందానికి జవాబులు కూడా రెండు కాదు, మూడు: వున్నది, లేదు, తెలియదు. కొలిచే యంత్రం పాడయితే మూడో జవాబే చెప్పాలి. ఆ మూడోది మన అమ్మాయి తనంతట తనే చేర్చింది.

ఇప్పుడు కిటికీ. దీపం తయారయ్యే పదకొండు చోట్లనూ కొట్టేసి, ఒక్క చోట యిలా రాసింది:

కిటికీ, దీపం యివ్వు
    పరీక్షలో నెగ్గిన లిథియం దీపం వుంటే అది యివ్వు
    లేకపోతే పరీక్షలో నెగ్గిన సీసపు దీపం యివ్వు
    రెండూ లేకపోతే మనిషిని దిగనివ్వకు, పైవారికి చెప్పు

మిగతా ప్రోగ్రాము అంతటా "కిటికీ, దీపం యివ్వు" అన్న ఒక్క మాటే మిగిలింది. దీనిని ఫ్యాక్టరీ అంటారు. వస్తువును అడిగేవాడు ఒకడు, యే వస్తువు యివ్వాలో నిర్ణయించి తయారుచేసి యిచ్చేవాడు మరొకడు. రేపు మూడో రకం దీపం వస్తే దానికి ఒక కొత్త అచ్చు రాయాలి, కిటికీ దగ్గర ఒక పంక్తి చేర్చాలి. కార్మికుడిని ముట్టుకోనక్కర లేదు. ముప్పయిమందీ హాయిగా తమ పని తాము చేసుకుంటారు.

ఆ మూడో పంక్తిని రెండుసార్లు చదవండి. చాలామంది, పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా, అక్కడ "రెండూ లేకపోతే వట్టి చెయ్యి చూపించు" అని రాస్తారు. అప్పుడు కార్మికుడు దీపం వున్నదనుకుని దిగుతాడు. మీట తిప్పుతాడు. అక్కడేమీ వుండదు. తప్పు కిటికీ దగ్గర జరిగింది, అది తెలిసింది పాతాళంలో! కిటికీ తన దగ్గర లేనిదాన్ని లేదని కిటికీ దగ్గరే చెప్పాలి.

ఈ వుపాయాలు యెవరు కనిపెట్టారని మీరు అడుగుతారు. క్లాసులు, ఆబ్జెక్టులు అన్నవి నార్వే దేశంలో, ఓస్లో నగరంలో పుట్టాయి. ఓలే-యోహాన్ డాల్, క్రిస్టెన్ నైగార్డ్ అనే యిద్దరు 1960లలో సిమ్యులా అనే భాషను తయారుచేశారు. ఎందుకో తెలుసా? వరసలో నిలబడే మనుషులను, వచ్చీ పోయే సరుకులను కంప్యూటరులో నడిపి చూడటానికి. అంటే మన అమ్మాయి చేసిన పని వంటిదే. 1995లో వచ్చిన జావా భాషలో ఇంటర్‌ఫేస్ అన్న మాటే భాషలో ఒక భాగమయింది. అంతకు ముందు సంవత్సరమే, 1994లో, గామా, హెల్మ్, జాన్సన్, వ్లిస్సిడెస్ అనే నలుగురు కలిసి ప్రోగ్రాములలో మళ్లీ మళ్లీ పనికివచ్చే 23 పద్ధతులను ఒక పుస్తకంగా కూర్చారు. అందులో ఫ్యాక్టరీ పేరుతో రెండు వున్నాయి. మన కిటికీ ఆ రెంటికంటె తేలికైనది, వాటికి చెల్లెలు అనుకోండి.

ఆ రెంటిలో ఒకటి మనకు వెంటనే పనికివచ్చింది. సీసపు దీపం సుమారు 4 వోల్టులది, లిథియం దీపం 3.7 వోల్టులది. అంకెలు దగ్గరగానే వున్నాయి గదా అని ఒకదాని ఛార్జరు యింకొకదానికి పెడితే బ్యాటరీ చెడుతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు. కనుక దీపాన్ని ఒక చోట, ఛార్జరును ఒక చోట విడివిడిగా తయారుచేయకూడదు. "లిథియం గది" అని ఒకటి, "సీసపు గది" అని ఒకటి పెట్టి, యే గది నుంచి దీపం తెస్తే ఆ గది నుంచే ఛార్జరు తేవాలి. జోడు తప్పదు. చెప్పులు కొన్నప్పుడు రెండూ ఒకే పెట్టెలోంచి తీసినట్టు.

ఒక్క హెచ్చరిక. ఇది విన్న ఉత్సాహంలో ప్రతిదానికీ ఒక ఒప్పందం, ప్రతిదానికీ ఒక ఫ్యాక్టరీ కట్టుకుంటూ పోకండి. మన అమ్మాయి అదీ చేసింది! గడియారానికి ఫ్యాక్టరీ, సైరనుకు ఫ్యాక్టరీ. ప్రోగ్రాములో సైరను ఒక్కటే, ఎప్పటికీ ఒక్కటే. ఒక్క సైరను కోసం కర్మాగారం యెందుకు? అవి తీయించాను. రకాలు మారుతూ వుండేచోట, మార్పు ఖాయంగా వస్తుందని తెలిసినచోట కిటికీ పెట్టండి. మిగతాచోట్ల వస్తువును నేరుగా తెచ్చుకోవటమే మర్యాద.

ప్రదర్శన రోజున బల్ల మీద అగ్నిపర్వతాల మధ్య మన అమ్మాయి కంప్యూటరు పెట్టుకుని కూర్చున్నది. చూడవచ్చినవారు ముందు పొగ వచ్చే కొండల దగ్గరకే పోయారు. కాని సాయంత్రం మొదటి షిఫ్టు దిగిన కార్మికులు కొందరు వచ్చారు. ఒకాయన నిలబడి చాలాసేపు చూసి, "రెండూ లేకుంటే దిగనివ్వకు" అన్న పంక్తిని వేలితో చూపించి, "ఇది మంచిగ రాసినవు బిడ్డా" అని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మీకు పని. మన అమ్మాయి ప్రోగ్రాములో రాత్రి షిఫ్టుకు ముప్పయిమంది దిగారు. షిఫ్టు అయ్యాక దీపాలు యిరవైతొమ్మిది వెనక్కి వచ్చాయి. పలక మీద ఒక బిళ్ల మిగిలివున్నది. ఈ సంగతి కనిపెట్టి కేక వేయవలసింది యెవరు? దీపమా, పైకి వచ్చిన కార్మికులా, కిటికీయా, లేక యింకా మనం రాయని మరెవరైనానా? ఆ పనికి ఒప్పందం యేమని రాస్తారు? మీ జవాబు కార్డు మీద రాసి పంపండి. మంచివాటిని వచ్చే నెల యీ పేజీలోనే చూద్దాం. ఆ అమ్మాయి కూడా మీ జవాబుల కోసమే చూస్తున్నది. ఆమె ప్రోగ్రాములో ప్రస్తుతానికి ఆ కేక యెవరూ వేయటం లేదు.